ముందు చీకటి కట్టాలి: అంతరిక్ష నౌక నమూనాకు దీపాలు అమర్చే పద్ధతి

సైన్స్ ఫిక్షన్ అంతరిక్ష నౌక నమూనా కట్టి, లోపల ఎల్‌ఈడీ స్ట్రిప్ అంటించి, గది తలుపులు మూసి స్విచ్ నొక్కితే చాలాసార్లు కనబడేది ఇదీ: కిటికీలు ఒక్కటే వెలగాల్సింది పోయి నౌక ఒళ్ళంతా కాగితం లాంతరులా మెరుస్తుంది. అతుకులున్న చోటల్లా తెల్లటి గీతలు. వెనక ఇంజిన్‌లో ఒకే మంట కనబడాల్సిన చోట విడివిడిగా నాలుగు చుక్కలు. బాగాలేదని ఇంకో పది దీపాలు పెడితే ఇంకా పాడవుతుంది.

పలచటి ప్లాస్టిక్ వెలుతురును ఆపదు. బయట ముదురు రంగు వేసినా లోపలి ఎల్‌ఈడీకి అది పలచటి గుడ్డతో సమానం. అందుకే దీపాల పని దీపాలతో మొదలవదు. నౌక లోపల మొదట చీకటి కట్టాలి. ఆ చీకటికి ఎక్కడ చిల్లు పెడితే అక్కడే వెలుగు రావాలి. మొత్తం పని మూడు ముక్కలు: వెలుతురును ఆపడం, కావలసిన చోటికి తీసుకుపోవడం, అక్కడ సమంగా పరచడం. కరెంటు లెక్క ఈ మూడింటికంటే చిన్నది, కానీ కొత్తవాళ్ళు భయపడేది దానికే.

కిటికీ ఎంత ఉండాలి

ఖిలా వరంగల్ కీర్తితోరణం ఫొటోలో కింద ఒక మనిషి నిలబడి ఉంటే దాని ఎత్తు వెంటనే తెలిసిపోతుంది. మనిషి లేకపోతే బల్లమీద పెట్టే బొమ్మ అనుకున్నా అనుకోవచ్చు. నౌక నమూనాలో ఆ మనిషి పని చేసేది కిటికీ. అది ఎంత చిన్నగా ఉంటే నౌక అంత పెద్దగా కనబడుతుంది.

60 సెంటీమీటర్ల నమూనా తీసుకుందాం. దాన్ని 1/350 స్కేలు అనుకుంటే అసలు నౌక 210 మీటర్లు. ఒక అంతస్తు ఎత్తు 3 మీటర్లు అయితే నమూనాలో 8.6 మిల్లీమీటర్లు, 80 సెంటీమీటర్ల కిటికీ 2.3 మిల్లీమీటర్లు. అదే నమూనా 1/1000 అయితే నౌక 600 మీటర్లు, అంతస్తు 3 మిల్లీమీటర్లు, కిటికీ 0.8 మిల్లీమీటర్లు. 1/72 అయితే నౌక 43 మీటర్లే, కిటికీ 11 మిల్లీమీటర్లు. ఇప్పుడు 1/1000 నౌక గోడకు 3 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీని నేరుగా గుచ్చితే ఏమవుతుందో చూడండి. లెక్క ప్రకారం అది 3 మీటర్ల దీపం, ఒక అంతస్తంత! మిగతాదంతా ఎంత శ్రద్ధగా చేసినా ఆ ఒక్క దీపం నౌకను ఆటబొమ్మ చేసేస్తుంది.

కాబట్టి కాగితం మీద మొదట గీయాల్సింది అంతస్తుల గీతలు. కిటికీలన్నీ ఆ గీతల మధ్యే పడాలి. ఒక వరుస కిందికి, ఇంకో వరుస పైకి జారితే లోపల మనుషులు ఎక్కడ నిలబడతారో కంటికి అర్థం కాదు. అన్నీ వెలగనూ కూడదు. హన్మకొండలో రాత్రి పదింటికి ఏదైనా పెద్ద అపార్టుమెంటు వైపు చూస్తే కొన్ని ఇళ్ళలో పసుపు వెలుగు, కొన్నిట్లో ట్యూబులైటు తెలుపు, ఒకటీ అరా టీవీ నీలం, మిగతావి చీకటి. నౌకలోనూ అంతే. మూడో వంతు కిటికీలకు చిల్లు పెట్టకుండా నల్లరంగుతో వదిలేయాలి. తెలుపు ఛాయను కెల్విన్‌లలో చెబుతారు. గదులకు 3000 కెల్విన్ దగ్గరి వార్మ్ వైట్ (పసుపు ఛాయ తెలుపు), నౌకలు దిగే హ్యాంగరుకు 6000 కెల్విన్ పైన కూల్ వైట్ (నీలి ఛాయ తెలుపు) పెడితే ఎక్కడ ఏ పని జరుగుతుందో రంగే చెబుతుంది.

ఒళ్ళు దేనితో కట్టాలి

విదేశీ కిట్లు పాలీస్టైరీన్‌తో వస్తాయి, ఖరీదు ఎక్కువ. సొంత నౌక కట్టుకునేవాళ్ళకు వరంగల్‌లోనూ కరీంనగర్‌లోనూ ఫ్లెక్సీలు, సైన్‌బోర్డులు చేసే దుకాణాలే పెద్ద ఆసరా. వాళ్ళ దగ్గర 3, 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (తేలికైన పీవీసీ ఫోమ్ పలక), మిల్కీ వైట్ అక్రిలిక్ ముక్కలు మిగిలిపోయి ఉంటాయి. 60 సెంటీమీటర్ల నౌకకు వెన్నెముకగా 25 మిల్లీమీటర్ల కరెంటు పైపు చాలు. తీగలన్నీ దాని లోపలినుంచే పోతాయి. దానికి 5 సెంటీమీటర్లకొకటి చొప్పున 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు అడ్డపలకలు దూర్చి, పైన 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు తొడుగు వేయాలి. ఆ పైన కనబడే చిన్న పలకలకు ఐడీ కార్డులు చేసే పలచటి పీవీసీ షీటు బాగా పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. సన్‌బోర్డును లేజర్ మిషన్‌లో కోయించకూడదు. అది పీవీసీ. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులకు ప్రమాదం, మిషన్ లోపల ఇనుమూ తుప్పు పడుతుంది. లేజర్‌కు అక్రిలిక్ ఇవ్వాలి. సన్‌బోర్డును కట్టర్‌తో మూడు నాలుగు సార్లు గీసి తెంపాలి, లేకపోతే సీఎన్‌సీ రౌటర్ ఉన్నచోట కోయించాలి.

అతుకులకు కార్ల షెడ్డుల్లో వాడే లప్పం పెట్టి 320, తర్వాత 600 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దాలి. నిర్మల్ బొమ్మల పనివాళ్ళు పొనికి చెక్క అతుకులను చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో పూడ్చి, ఆ తర్వాతే రంగు వేస్తారు. రంగు కింద అతుకు కనబడితే బొమ్మ బొమ్మలా ఉండదని వాళ్ళకు తెలుసు. లప్పం పలచగా, రెండు మూడు పొరలుగా వేయాలి. ఒకేసారి మందంగా వేస్తే పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుంది, నెల తర్వాత కుంగి గీత పడుతుంది.

పైన అంటించే చిన్నచిన్న యంత్ర భాగాలకు పాడైన ప్రింటర్ పళ్ళచక్రాలు, పెన్ను రీఫిల్లు, మాత్రల స్ట్రిప్పు బుడిపెలు, సిరంజి ముక్కలు సరిపోతాయి. సన్న రాగి తీగలు రెండు కలిపి మెలిపెడితే, కరీంనగర్ వెండి తీగ పనిలో కనబడే మెలికలాగే, నౌక మీద గొట్టాల వరుసలా కనబడుతుంది. వాటిని సమానంగా చల్లకూడదు. కొన్నిచోట్ల గుత్తులుగా, పక్కనే ఖాళీగా ఉంటేనే కన్ను నమ్ముతుంది.

చీకటి కట్టే పని

తొడుగు మూసేముందు లోపలి ముఖమంతా మ్యాట్ బ్లాక్ రెండు కోట్లు వేయాలి. అది ఆరాక దాని మీద తెల్లరంగు ఒక కోటు. నలుపు వెలుతురును ఆపుతుంది. కానీ నలుపు ఒక్కటే ఉంటే ఎల్‌ఈడీ వెలుతురులో చాలా భాగాన్ని అదే తాగేస్తుంది. పైన తెలుపు ఉంటే వెలుతురు లోపలే తిరిగి తిరిగి కిటికీల దాకా చేరుతుంది. మూలల్లో, అతుకుల వెనక అల్యూమినియం టేపు వేస్తే ఇంకా గట్టి. అయితే ఆ టేపు కరెంటును పారిస్తుంది. ఎక్కడైనా తెరిచి ఉన్న తీగ దానికి తగిలితే షార్టే. టేపు దగ్గరకు వచ్చే ప్రతి సోల్డర్ అతుకు మీదా హీట్‌ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) ఉండాలి.

నౌకను గదులుగా విడగొట్టడం కూడా చీకటి కట్టడంలో భాగమే. ఇంజిన్ నీలం వెలుగు కిటికీల గదిలోకి రాకూడదు, మెరిసే ఎర్ర దీపం పక్క కిటికీలను ఎర్రగా చేయకూడదు. అడ్డపలకల అంచుల్లో సందులుంటే నల్ల సిలికాన్‌తో మూయాలి. పరీక్ష సులభం. రాత్రి గదిలో దీపాలార్పి, కళ్ళు చీకటికి అలవాటయ్యేదాకా ఐదు నిమిషాలాగి, నౌక లోపల మొబైల్ టార్చ్ పెట్టి చుట్టూ చూడాలి. లీకు కనబడిన ప్రతిచోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. పైరంగు పడ్డాక ఈ పని చేయడం చాలా కష్టం.

సన్న కిటికీలకు ఫైబర్

మిల్లీమీటరు కంటే చిన్న కిటికీలకు ప్లాస్టిక్ ఆప్టికల్ ఫైబరే దారి. వెలుతురును ఒక కొస నుంచి ఇంకో కొసకు మోసే సన్నటి పోగు ఇది. 0.25, 0.5, 0.75, 1 మిల్లీమీటరు సైజుల్లో దొరుకుతుంది. రంధ్రం ఫైబర్ కంటే కొంచెం పెద్దగా ఉండాలి, 0.5 ఫైబర్‌కు 0.6 డ్రిల్ బిట్. చేతి డ్రిల్‌తోనే వేయాలి. మోటారు డ్రిల్ వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్‌కు చుట్టుకుంటుంది.

రంధ్రంలో దూర్చిన ఫైబర్‌ను సూపర్ గ్లూతో అంటిస్తే వారం తర్వాత ముట్టుకోగానే పుటుక్కున విరుగుతుంది. ఆ జిగురు అక్రిలిక్ ఫైబర్‌ను పెళుసుబారుస్తుంది. దాని ఆవిరి మూసిన నౌక లోపల తిరిగి, కిటికీ గాజుల మీద తెల్లటి పొగమంచులా పేరుకుంటుంది కూడా. ఫైబర్‌కు ఫెవికాల్ చుక్క చాలు, లేదా రెండు ట్యూబుల ఎపాక్సీ. బయట 5 నుంచి 10 మిల్లీమీటర్లు వదిలి, రంగులన్నీ పూర్తయ్యాక గోళ్ళ కత్తెరతో గోడకు సమంగా కత్తిరించాలి. ముందే కత్తిరిస్తే చివర మీద రంగు పడి దీపం ఆరినట్టే. నావిగేషన్ దీపంలా పక్కనుంచి కూడా కనబడాలంటే అర మిల్లీమీటరు బయట ఉంచి, వేడి సోల్డర్ ఐరన్‌ను దగ్గరకు తీసుకురావాలి, తగలనివ్వకూడదు. చివర పుట్టగొడుగులా ఉబ్బుతుంది, వెలుగు అన్ని వైపులకూ చిమ్ముతుంది.

లోపలి కొసలన్నీ ఒక కట్టగా చేసి హీట్‌ష్రింక్ గొట్టంలో బిగించి, కొసను బ్లేడుతో సమంగా కోసి, 600, 1000, 2000 నంబరు కాగితాలతో వరుసగా రుద్దాలి. ఈ రుద్దే పని మానేస్తే కిటికీలు మసకగా వస్తాయి, తప్పు ఎల్‌ఈడీదనిపిస్తుంది. 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ ముందు లెక్క ప్రకారం 0.5 ఫైబర్లు 75 దాకా పడతాయి. కానీ అంచుల్లో వెలుతురు తక్కువ కాబట్టి 40 దగ్గర ఆగితే కిటికీలన్నీ దాదాపు ఒకేలా వెలుగుతాయి. ఎల్‌ఈడీ గుండ్రటి తలను అరగదీసి చదును చేస్తే ఇంకా మేలు. ఫైబర్‌ను మడిచేటప్పుడు వంపు సెంటీమీటరు వ్యాసార్థం కంటే ఇరుకు కానీయొద్దు. ఇరుకైతే వెలుతురు ఆ వంపు దగ్గరే బయటికి కారిపోతుంది.

2, 3 మిల్లీమీటర్ల కిటికీలకు ఫైబర్ అక్కర్లేదు. చిల్లుకు బయటివైపు సెల్లోటేపు వేసి, లోపలినుంచి యూవీ రెజిన్ (అతినీలలోహిత వెలుతురు పడితే గట్టిపడే ద్రవం) చుక్కతో నింపి, వెనక బటర్ పేపర్ ముక్క అంటిస్తే లోపలి దీపం చుక్కలా కాక గదిలా కనబడుతుంది.

కరెంటు లెక్క

5 వోల్టుల మొబైల్ చార్జర్ అన్నిటికంటే భద్రం. తెల్ల, నీలం ఎల్‌ఈడీలు దాదాపు 3.1 వోల్టులు తీసుకుంటాయి, ఎరుపు 2 వోల్టులు. మిగిలిన వోల్టులను రెసిస్టర్ (కరెంటును అదుపు చేసే చిన్న భాగం) మీద వేయాలి. వోల్టుల తేడాను కావలసిన కరెంటుతో భాగిస్తే రెసిస్టర్ విలువ వస్తుంది. మామూలు ఎల్‌ఈడీ 20 మిల్లీఆంపియర్లు తట్టుకుంటుంది, కానీ నమూనాకు 5 చాలు. వెలుతురు నాలుగోవంతైనా కంటికి అంత తగ్గినట్టు అనిపించదు, ఫొటో తీస్తే కిటికీలు తెల్లగా పేలిపోవు కూడా. తెలుపుకు 1.9ని 0.005తో భాగిస్తే 380 ఓమ్‌లు, దుకాణంలో దొరికేది 390. ఎరుపుకు 600, కాబట్టి 680.

ఒకే రెసిస్టర్‌కు పది ఎల్‌ఈడీలు పక్కపక్కనే కలపడం చాలామంది చేసే తప్పు. ఏ రెండు ఎల్‌ఈడీలూ కచ్చితంగా ఒకే వోల్టు తీసుకోవు. కొంచెం తక్కువ తీసుకునేది ఎక్కువ కరెంటు లాక్కుని ముందు వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా లాక్కుంటుంది. అది పోయాక భారం మిగతావాటి మీద పడుతుంది. ఒక్కో దీపానికి ఒక్కో రెసిస్టర్ పెట్టాల్సిందే. 30 ఎల్‌ఈడీలకు మొత్తం 150 మిల్లీఆంపియర్లు, ఏ పాత చార్జరైనా మోస్తుంది. పవర్ బ్యాంకుతో మాత్రం చిక్కుంది. చిన్న నౌక 20, 30 మిల్లీఆంపియర్లే తీసుకుంటే, ఏమీ తగిలించలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు అరనిమిషంలో ఆగిపోతాయి. దీపాలు పాడయ్యాయని నౌక విప్పకముందు దీన్ని చూసుకోవాలి.

రెప్పపాటు మెరిసే హెచ్చరిక దీపానికి 555 ఐసీ (ఎనిమిది కాళ్ళ టైమర్ చిప్) ఒకటి చాలు. 4, 8 కాళ్ళు 5 వోల్టులకు, 1 గ్రౌండుకు, 2, 6 కలిపి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీదుగా గ్రౌండుకు. 8, 7 మధ్య 150 కిలోఓమ్, 7, 6 మధ్య 10 కిలోఓమ్. ఎక్కువమంది పొరపడేది దీపం దగ్గర. మామూలు ఎన్ఈ555కు 5 వోల్టులిస్తే 3వ కాలు మీద పైకి వచ్చేది 3.3 వోల్టుల చుట్టూ మాత్రమే, తెల్ల ఎల్‌ఈడీకి అది చాలదు. అందుకే ఎల్‌ఈడీని 3వ కాలికీ గ్రౌండుకీ మధ్య కాకుండా, 5 వోల్టులకూ 3వ కాలికీ మధ్య రెసిస్టర్‌తో కలపాలి. అప్పుడు 3వ కాలు కిందికి దిగినప్పుడే దీపం వెలుగుతుంది. కెపాసిటర్ ఖాళీ అయ్యేది 10 కిలోఓమ్ గుండా కాబట్టి ఆ వెలుగు సెకనులో వందకు ఏడు వంతులు. మళ్ళీ నిండేది రెండు రెసిస్టర్ల గుండా కాబట్టి చీకటి 1.1 సెకన్లు. విమానం రెక్క మీది తెల్ల మెరుపులాగే ఉంటుంది. సగం సెకను వెలిగి సగం సెకను ఆరే నెమ్మది ఎర్ర దీపం కావాలంటే మొదటి రెసిస్టర్ 10, రెండోది 68 కిలోఓమ్‌లు చేస్తే సరి.

తీగ

మామూలు తీగ లావుగా ఉండి, నౌక లోపల చోటంతా తినేస్తుంది. ఎనామిల్ రాగి తీగ (ప్లాస్టిక్ తొడుగు బదులు పలచటి పూత ఉండేది) కావాలి. ఎక్కడో వెతకక్కర్లేదు, ఊరూరా ఉండే మోటారు వైండింగ్ దుకాణాల్లో సీలింగు ఫ్యాన్లకు చుట్టే 36 గేజీ తీగ ఉంటుంది, మందం 0.19 మిల్లీమీటర్లు. కొన్ని ఎల్‌ఈడీల కరెంటు దానికి లెక్కే కాదు.

అయితే వైండింగ్ తీగ మీది పూత మోటారు వేడిని తట్టుకునేలా చేసింది. సోల్డర్ ఐరన్ పెడితే కాలిపోదు. సోల్డర్ గుండు కట్టి జారిపోతుంది, లేదా అతుక్కున్నట్టే కనబడి లోపల కరెంటు పారదు. కొస 3 మిల్లీమీటర్లను 400 నంబరు కాగితం మడతలో పట్టి, తిప్పుతూ రెండు మూడు సార్లు లాగాలి. ఎర్రటి ముదురు మెరుపు పోయి లేత రాగి రంగు చుట్టూ కనబడాలి. ఒకవైపు మిగిలినా అతుకు నిలవదు. తర్వాత రోజిన్ ఫ్లక్స్ (సోల్డర్ అంటుకునేలా చేసే పదార్థం) అద్ది ముందే సోల్డర్ పూయాలి. యాసిడ్ ఫ్లక్స్ వాడితే ఆరు నెలల్లో అంత సన్న తీగ ఆకుపచ్చగా తుప్పు పట్టి తెగుతుంది. 1.6 మిల్లీమీటర్ల పొడవుండే 0603 ఎల్‌ఈడీని రెండువైపుల టేపు మీద అంటించి, 25 వాట్ల ఐరన్‌తో ఒక్కో కొసకు సెకను మించకుండా తాకించాలి. ఫ్లక్స్ పొగ పీల్చకుండా కిటికీ తెరిచి చేయాలి, మామూలు సోల్డర్‌లో సీసం ఉంటుంది కాబట్టి అయ్యాక చేతులు కడుక్కోవాలి.

తీగ ఎక్కడినుంచి లోపలికి వెళ్తుందో మొదటిరోజే తేల్చుకోవాలి. 1964లో స్టార్ ట్రెక్ సీరియల్ కోసం కట్టిన 11 అడుగుల పైచిలుకు ఎంటర్‌ప్రైజ్ నమూనాకు తర్వాత దీపాలు పెట్టినప్పుడు తీగలు ఎడమవైపు నుంచి వెళ్ళాయి, దాంతో కెమెరాకు కుడివైపే చూపించాల్సి వచ్చింది. ఆ నమూనా ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ విమాన, అంతరిక్ష మ్యూజియంలో ఉంది. బల్లమీది నౌకకు ఆ ఇబ్బంది పడక్కర్లేదు. 8 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టాన్ని స్టాండుగా పెట్టి తీగను దాని గుండా దించి, పీటలో సాకెట్ అమరిస్తే చాలు.

ఇంజిన్ మంట

చుక్కలు కనబడకుండా ఉండే సూత్రం ఒకటే: ఎల్‌ఈడీల మధ్య ఎంత దూరమో, వాటికీ ముందున్న పాలరంగు అక్రిలిక్‌కూ కనీసం అంత దూరం ఉండాలి. మీటరుకు 60 దీపాల స్ట్రిప్‌లో మధ్య దూరం 16.7 మిల్లీమీటర్లు, కాబట్టి ఇంజిన్ లోతు 17కు తగ్గకూడదు. అంత లోతు లేకపోతే మీటరుకు 120 దీపాల స్ట్రిప్ తీసుకుంటే 9 సరిపోతుంది. నీలం ఒక్కటే పెడితే చదునుగా కనబడుతుంది. మధ్యలో ఒక తెల్ల ఎల్‌ఈడీ, చుట్టూ నీలం పెడితే నడిమి భాగం వేడిగా, అంచు చల్లగా అనిపిస్తుంది.

12 వోల్టుల స్ట్రిప్‌ను మూసిన చోట పెట్టినప్పుడు వేడి మీద కన్నుండాలి. మే నెలలో వరంగల్‌లో బయట 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల గదిలో ఇంకా ఎక్కువ. దాని మీద స్ట్రిప్ వేడి చేరితే గ్లూ గన్ జిగురు మెత్తబడి అతుకులు జారిపోతాయి. స్ట్రిప్‌ను 12కు బదులు 9 వోల్టులతో నడిపితే వేడి బాగా తగ్గుతుంది, నమూనాకు వెలుగూ సరిపోతుంది. లోపలి అతుకులకు గ్లూ గన్ కాకుండా ఎపాక్సీ వాడాలి.

స్ప్రే రంగుకూ ఇదే వాతావరణం అడ్డం. ఎండాకాలం మధ్యాహ్నం కొడితే రంగు గాలిలోనే సగం ఆరి, నౌక మీద ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. పొద్దున ఆరు, ఎనిమిది మధ్య, 20 సెంటీమీటర్ల దూరం నుంచి పలచగా మూడు నాలుగు కోట్లు వేయాలి. ముసురు పట్టిన రోజుల్లో గాలిలో తేమ చేరి లక్కర్ రంగు తెల్లగా పాలిపోతుంది, అప్పుడు ఆగడం ఒక్కటే మార్గం. థర్మోకోల్ ఎక్కడైనా వాడి ఉంటే స్ప్రేలోని ద్రావకం దాన్ని తినేస్తుంది, ముందు ఫెవికాల్ పూత పెట్టాలి.

చివరి పలకను అంటించే ముందు అన్ని దీపాలూ వెలిగించి నాలుగు గంటలు వదిలేయాలి. నాసి అతుకులు వేడెక్కి చల్లారేటప్పుడే బయటపడతాయి కాబట్టి, ఆర్పి అరగంటాగి మళ్ళీ వెలిగించి, నౌకను చేతిలో మెల్లగా వంచి చూడాలి. ఏ దీపమైనా మిణుకుమంటే అది తీగ కొస సరిగ్గా గీకని చోటే. ఆ తర్వాత కూడా ఆ పలకను జిగురుతో మూయకుండా నాలుగు మూలలా 3 మిల్లీమీటర్ల చిన్న అయస్కాంతాలు పెట్టి ఆనించాలి. 555 బోర్డు, ఫైబర్ కట్టలు, రెసిస్టర్లు అన్నీ ఆ పలక కిందే ఉండేలా ముందే చోటు చూసుకోవాలి.